మునిగిన చెట్ల దారి

ఆ యేడు కాఫీ పళ్ళు కార్తీకంలోనే ఎర్రబడ్డాయి. మా మామ భీముడు, నేను, ఇంటి వెనక వాలులో సిల్వర్ ఓక్ చెట్ల కింద చెరో వరసా పట్టుకుని కోస్తున్నాం. పాపని వీపున గుడ్డతో కట్టుకున్నాను. దానికి అప్పటికి పద్నాలుగు నెలలు. మధ్యాహ్నం బుట్టలు రెండూ పట్టా మీద కుమ్మరించేసరికి నా కుప్ప ఎర్రగా ఉంది. మామ కుప్పలో సగానికి సగం పచ్చికాయలే.

"ఇదేటి మామా? పచ్చివి కోసీసినావు?"

మామ కూర్చుని కుప్పలోకి చెయ్యి పోనిచ్చి ఒక కాయ తీశాడు. వేళ్ళతో నొక్కాడు. కళ్ళ దగ్గరకి మాత్రం తెచ్చుకోలేదు.

"గట్టిగానే ఉన్నాయి. ఇయ్యేల తొందరపడీసినాను."

తొందరపడే మనిషి కాదు. అన్నం తినడానికే అరగంట పడుతుంది. అప్పుడు నేను ఆయన ముఖంలోకి సరిగ్గా చూశాను. ఎడమ కంట్లో మీగడ కట్టినట్టు తెల్లటి పొర. కుడి కంట్లోనూ అంచున మొదలైంది. రోజూ రెండుపూటలా ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెడుతున్నదాన్ని, నాకే కనబడలేదు.

"ఎంతవరకు ఔపిస్తాది మామా?"

"నీ కూతురు నవ్వితే ఔపిస్తాది."

"ఎకసెక్కాలు వద్దు. నిజం సెప్పు."

"ఎలుగు ఔపిస్తాది. మనిసి అడ్డమొస్తే నీడలాగ ఔపిస్తాది. ఇంకేటి కావాల?" అని, అటూ ఇటూ తల తిప్పి గొంతు తగ్గించాడు. "ఒలే సోనీ, ఈ సీజను గట్టెక్కనీ. మాఘంలో ఎల్లి ఆపరేషను సేయించుకుంటాను. అంతవరకూ నీ మొగుడికి గాని, ఆ కేంపు బాబుకి గాని సెప్పకు. దోనె లాగీసుకుంటారు."

సరే అన్నాను. పచ్చికాయలన్నీ ఏరి, మా ఆయన ఫల్గుణ వచ్చేలోపల వేరే గోనెలో పోసి మూతి కట్టేశాను.

మా ఊరు ముంచింగిపుట్టు అవతల, మత్స్యగెడ్డ అనే ఏటి ఒడ్డున. దిగువన ఆనకట్ట కట్టినప్పుడు, మా మామ ఇంకా పుట్టకముందు, పాత ఊరూ దాని చుట్టూ ఉన్న తోటలూ నీళ్ళలో మునిగిపోయాయట. చెట్లు చచ్చి, కొమ్మలు విరిగి, మోళ్ళు మాత్రం నీటికింద అలాగే నిలబడి ఉన్నాయి. వానలు వెలిశాక గెడ్డ నిండుగా ఉంటుంది, పడవ వాటిమీదుగా పోతుంది. చలి ముదిరేకొద్దీ నీరు దిగుతుంది. ఒక్కో వారం ఒక్కో మోడు పైకి చేరుతుంది. పోయిన వారం పోయిన దారి ఈ వారం ఉండదు.

చలికాలం మూడు నెలలూ విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ టూరిస్టుల్ని తెచ్చేది. రెండు రోజుల ప్రయాణం. ఎర్రవీ పసుపువీ ప్లాస్టిక్ కయాకులు, ఒక్కోదాన్లో ఇద్దరేసి. తెడ్డు వాళ్ళే వేసుకోవాలి. అందరికంటే ముందు మా మామ, ఒకే మాను తొలిచి చేసిన తన దోనెలో. అందరికంటే వెనక ఆయన కొడుకు ఫల్గుణ, ఇంకో దోనెలో సామానుతో. మధ్యలో ఒక దిబ్బమీద గుడారాలు వేసి పడుకుని, మర్నాడు ఒడిశా వైపు రేవులో జీపెక్కుతారు. కంపెనీ తరఫున తరుణ్ అనే అతను ఉండేవాడు, మామ కేంపు బాబు అనేది ఇతన్నే. మైదానం మనిషి, పాతికేళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడి ఎరగడు.

మామ దారి చెబుతుంటే వినాలి. పొడుగాటి వెదురు గెడ నీళ్ళలో దించి, మోడుకి తగలగానే పేరు పెట్టి కేకేసేవాడు. "ఎడమ పక్క సింత! సింత దాటినాక పనస, మా మేనత్తోల్లది. కొమ్మ సాపుకొని ఉంటాది, కుడికి రండి బాబూ, కుడికి!" ఆరేడు కయాకులు ఆ గొంతు వెనకే బాతుపిల్లల్లా పోయేవి.

ఒకసారి ఒక టూరిస్టు ఫోను చూసుకుంటూ, "తాతా, మీరు పోయే దారి ఇందులో లేదే?" అన్నాడు.

"అందులోకి ఎలా వస్తాది బాబూ? అది మా ఊరు మునిగినాక పుట్టినాది," అన్నాడు మామ. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న నాకు కూడా వినబడేటట్టు అందరూ నవ్వారు.

కాఫీ చెట్ల దగ్గర మాట ఇచ్చిన రోజు నుంచి నాకు ఆ నవ్వులు వినబుద్ధి కాలేదు. పడవలు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా రేవులోనే నిలబడేదాన్ని. ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్ళూ ఒకే నీటిమీద ఉన్నారు. ముందున్నాయనకి కళ్ళు లేవు. వెనకున్న ఆయనకి ఆ సంగతి తెలీదు. పాపకి పాలిస్తూ కూడా చెవి గెడ్డవైపే పెట్టుకుని ఉండేదాన్ని.

మార్గశిరం మొదట్లో ఒక సాయంత్రం మామ పాపని భుజాన వేసుకుని రేవుకి తీసుకెళ్ళాడు. నీళ్ళు జానెడు దిగాయి కాబోలు, ఉందనుకున్న చోట ఒడ్డు లేదు. కాలు జారింది. పాప నడుందాకా తడిసింది, అంతే. ఏడవను కూడా లేదు, తాత ఆడించాడనుకుని నవ్వింది. భయపడింది నేనే. దాన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి బట్టలు మార్చాను. అదే మోకాలి లోతు కాకుండా గెడ్డ నడుమయితే అని, ఆ రాత్రంతా అదే అనుకున్నాను.

తర్వాత మూడు రోజులకి తరుణ్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఫల్గుణ సంతకి వెళ్ళాడు. మామ అరుగుమీద తెడ్డు గీసుకుంటున్నాడు.

"ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతున్నారు తాతా. గైడ్లందరివీ నింపాలి. తెలుగులోనే ఉంది," అన్నాడు. నావైపు తిరిగి, "చెల్లెమ్మా, నీ రాత బాగుంటుంది కదా, నువ్వు నింపు. నేను గుడారాలు చూసుకుని వస్తాను," అని పెన్ను నా చేతికిచ్చి వెళ్ళాడు.

ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది సగంలో ఉండగా ఆగిపోయింది నా చదువు. పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో. సంబరపడ్డానంటే అబద్ధం కాదు. పాపని పక్కన కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నా గట్టిగా చదివాను.

"ఫిట్సు వస్తాయా?"

"రావు."

"గుండె జబ్బు ఉందా?"

"మీ అత్త ఉన్నన్నాళ్ళూ ఉండేది. అది పోనాక నిమ్మళించింది."

"మామా! ఈత వచ్చా?"

"సేపనడుగు."

నవ్వుతూనే కింది వరసకి వచ్చాను. కంటిచూపు. ఎదురుగా మూడు గడులు. బాగుంది, మందగించింది, కనిపించదు. చదివి ఆగాను.

మామ తెడ్డు గీసుకోవడం ఆపలేదు. "బాగుందని రాసీ," అన్నాడు.

పాప అరుగు అంచుకి పాకుతోంది. దాని గౌను పట్టుకుని వెనక్కి లాగాను. రెండో చేత్తో నడిమి గడిలో గీత పెట్టాను.

"రాసినావా?"

"రాసాను మామా."

"ఏలు ముద్ర ఎక్కడెయ్యాల?" అంటూ బొటనవేలు చాపాడు. ఆ వేలిని నేనే పట్టుకున్నాను. సిరా అద్ది, కాగితం మీద ఎక్కడ ఆనించాలో నేనే ఆనించాను.

నాలుగు రోజుల తర్వాత తరుణ్ అరుగుమీద కూర్చుని, టీ తాగి, చాలాసేపు చలి సంగతి మాట్లాడాడు. ఆఖరికి, "తాతా, ఈ సీజను మీరు విశ్రాంతి తీసుకోండి. ముందు పడవ ఫల్గుణ నడుపుతాడు," అన్నాడు. ఎందుకని మామ అడగలేదు. ఇతనూ చెప్పలేదు. పెద్దాయన ముఖం చిన్నబోకూడదని కాబోలు, కాగితం మాట ఎత్తనేలేదు. ఫల్గుణ బిత్తరపోయి ఇద్దరివంకా చూశాడు. "నానెలా నడుపుతాను? నాన్న ఉండగా?" అన్నాడు. "ఇది కంపెనీ మాట, అన్నా," అన్నాడు తరుణ్.

మామ లేచి రేవుకి వెళ్ళాడు. తన దోనెలో రాళ్ళు నింపి లోతులేని చోట ముంచేశాడు. వాడని దోనెని ఎండలో వదిలితే పగిలిపోతుంది, అందుకని మావాళ్ళు అలా నీళ్ళలోనే దాస్తారు.

ఆ సాయంత్రం నేను పొయ్యి ఊదుతుంటే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఆ కాయితంలో ఏటి రాసినావు సోనీ?"

"నువ్వు సెప్పినట్టే రాసాను మామా."

"మరి ఆ బాబుకి ఎవులు సెప్పినట్టు?"

నేను ఊదుతూనే ఉన్నాను. మంట అప్పటికే అంటుకుంది.

"ఫల్గుణకి తెలిసిపోనాదేటి? తండ్రిని దింపీసి ఆడెక్కుదామనుకున్నాడేటి?"

"నాకు తెల్దు మామా," అన్నాను.

గడిలో గీత పెట్టినందుకు నేను ఎవరికైనా జవాబు చెప్పుకోగలను. పాప తడిసింది, భయపడ్డాను, రాసింది నిజమే. ఈ 'తెల్దు'కి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మర్నాటి నుంచి మామ కొడుకుతో మాట్లాడ్డం మానేశాడు. ఫల్గుణ ఇంట్లోకి వస్తే పీట గోడవైపు తిప్పుకుని తినేవాడు. మూడు గజాల ఇంట్లో మాటలన్నీ నామీదుగా పోవడం మొదలైంది.

"మీ ఆయనకి సెప్పు, గొడ్డలి పిడి ఊగుతాందని."

"మీ మామకి సెప్పు, నాకు సెవులున్నాయని."

మొదట్లో నవ్వొచ్చేది కూడా. పొరుగింటి చిన్నమ్మలు, "మీ ఇంట్లో నువ్వు పోస్టాఫీసువే గుంటా," అనేది. పది రోజులకి ఎవరూ నవ్వడం లేదు.

"నానేటి సేసినాను సోనీ?" అని ఫల్గుణ ఒకరోజు కాఫీ పళ్ళు ఎండేస్తూ అడిగాడు. "తరుణ్ బాబు కాళ్ళట్టుకుని అడిగినానేటి, నన్ను ముందుకెక్కించమని? ఆయన నన్ను సూసి పీట తిప్పుకుంటాన్నాడు."

"పని పోనాదని బెంగ. నాలుగు రోజులు పోతే సర్దుకుంటాది," అన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాలేదు.

కళ్ళున్న ఫల్గుణకి నీటికింద మోళ్ళు తెలీవు. ఎప్పుడూ వెనక దోనెలోనే కదా వచ్చింది. తరుణే ఉపాయం చెప్పాడు. ఖాళీ నూనె డబ్బాలకి తెల్లరంగు వేసి, ఒక్కో మోడుకీ తాడుతో కట్టారు. డబ్బా తేలుతుంటే దాని కింద మోడు ఉన్నట్టు. రెండు రోజులు కష్టపడి కట్టి వచ్చి ఫల్గుణ నాకు చెబుతుంటే, మామ గోడవైపు కూర్చుని విన్నాడు.

"మీ ఆయనకి సెప్పు," అన్నాడు. "నీరు దిగితే తాడు వదులైపోతాది. డబ్బా ఒక దిక్కుంటాది, మోడు ఒక దిక్కుంటాది. వారం వారం తాడు కురస సేసుకోవాల."

చెప్పాల్సిన అవసరమేముంది, వినబడే ఉంటుంది. అయినా చెప్పాను.

"ఆయనకి సెప్పాలని ఉంటే నాతోనే సెప్పమను," అన్నాడు ఫల్గుణ. అని బయటికి వెళ్ళిపోయాడు. మొదటి వారం తాళ్ళు బిగించినట్టున్నాడు. తర్వాత పళ్ళ పని, టూరిస్టుల రద్దీ. నేను మళ్ళీ గుర్తు చెయ్యలేదు. ఆ మాట ఎత్తితే మళ్ళీ తండ్రి మాట వస్తుంది, తండ్రి మాట వస్తే 'నానేటి సేసినాను' అన్న ప్రశ్న వస్తుంది.

పుష్యంలో ఒక సంత రోజు. పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే వాకిట్లో కట్టిన మేక అరుపే తప్ప మేక కనబడలేదు. ఆరుగురు టూరిస్టులు, ఈసారి దిబ్బమీద ఆగకుండా ఒక్క పూట ప్రయాణమే. మధ్యాహ్నానికి జీపు అందుకోవాలని మంచు విడవకముందే బయల్దేరారు. తరుణ్ జీపుతో అవతలి రేవుకి పోయాడు. ఊళ్ళో మగవాళ్ళంతా తెల్లారకుండానే సంతకి నడిచారు. మామ అరుగుమీద అంబలి తాగుతున్నాడు.

గెడ్డ మీంచి ఈల వినబడింది. లైఫ్ జాకెట్లకి కట్టే ప్లాస్టిక్ ఈల. ఒకటి, ఇంకొకటి, తర్వాత మూడూ నాలుగూ ఒకేసారి.

మామ గిన్నె కింద పెట్టాడు. తల ఒకవైపుకి వంచి విన్నాడు. "ఇప్ప మోడు కాడ," అన్నాడు. "పాపని సిన్నమ్మలుకి ఇచ్చీసి రా. బేగి."

దోనెలో రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, ఎక్కేసరికి నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. నేను ముందు కూర్చున్నాను. ఆయన వెనక నిలబడి గెడ వేశాడు. తెల్లగా తప్ప ఏమీ లేదు. నా చెయ్యి చాపితే నా వేళ్ళే మసగ్గా ఉన్నాయి.

"నీకేటైనా ఔపిస్తాందా?"

"ఏటీ లేదు మామా."

"అయితే కళ్ళు మూసుకో. ఊరికే భయపడకు," అన్నాడు.

గెడ తగిలిన చప్పుడు. "సింత," అని తనలో తను అనుకున్నాడు. దోనె పక్కకి ఒరిగి జారింది. మళ్ళీ చప్పుడు. "పనస." నిలబడ్డ మనిషిలో ఊగిసలాట లేదు, తొందర లేదు. నీటికింద ఊరంతా ఆయన కాళ్ళకి తెలిసినట్టే ఉంది. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టింది నేను. ఈలలు వస్తున్నాయి కానీ అందులో ఫల్గుణ గొంతు లేదు.

"మామా. కాయితంలో నేనే రాసాను. కళ్ళు మందగించాయని."

గెడ నీళ్ళలో ఆగిపోయింది. దోనె తనంతట తను కొంచెం సాగింది.

"ఆడికి తెలుసునా?"

"తెల్దు. ఆయనకి ఏటీ తెల్దు."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగినా కనబడడు. "నలభై రోజులు," అన్నాడు మామ. "నలభై రోజులు నా గుంటడి మొఖం సూడకుండా కూకున్నాను. సూపున్నదే ఇంత." గెడ పైకి లేచిన చప్పుడైంది. "మద్ది వస్తాంది. సెయ్యి లోపలెట్టుకో, నలిగిపోతాది."

ఇప్ప మోడు దగ్గర ఫల్గుణ దోనె ఒక పక్కకి ఎక్కి ఇరుక్కుపోయి ఉంది. తెల్ల డబ్బా నాలుగు బారల అవతల తేలుతోంది. ఒక కయాకు తిరగబడింది, దాన్లోని ఇద్దరూ జాకెట్ల మీద తేలుతూ ఫల్గుణ దోనె అంచు పట్టుకుని ఏడుస్తున్నారు. మిగతా రెండు కయాకుల్లోని నలుగురూ దానికి ఆనుకుని ఈలలు ఊదుతున్నారు. ఫల్గుణ నీళ్ళలో ఉన్నాడు. ఒక చేత్తో మోడుని కరుచుకున్నాడు. రెండో చెయ్యి దోనెకీ మోడుకీ నడుమ ఉండిపోయింది. నోట్లో చొక్కా కాలరు కరిచిపెట్టుకున్నాడు, అరవకుండా.

"ఫల్గుణా!" అన్నాడు మామ.

కాలరు వదిలి, "నాన్నా," అన్నాడు ఆయన. "డబ్బా ఎడమకి ఉంది... నాను కుడికే వచ్చినాను."

"తెలుసురా. నీ తప్పు లేదు. ఉండు, కదలకు."

మామ నీళ్ళలోకి దిగి, మోడుకి కాలు తన్నిపెట్టి, భుజంతో దోనెని ఎత్తి, ఆ చేతిని విడిపించాడు. టూరిస్టులని ఒకరి వెనక ఒకరిని వరస కట్టించి, చెట్ల పేర్లు కేకలేస్తూ ఒడ్డుకి తెచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫల్గుణ కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ ఆస్పత్రిలో తీసేశారు. ఇప్పటికీ తెడ్డు పడితే పట్టు జారిపోతుంది. కంపెనీ ఆ సీజనుతో మా గెడ్డ వదిలి వెళ్ళిపోయింది.

ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని మామ కొడుకుతో చెప్పడం నేను విన్నాను. "నా కళ్ళ సంగతి ఆ కేంపు బాబే కనిపెట్టీసినాడంటరా. నాను నిన్ను అనుమానించినాను."

"పోనీ నాన్నా. ఇప్పుడైనా మాటాడినావు," అన్నాడు ఫల్గుణ. ఆయన ముఖం అంత తేటగా నేను ఎన్నో రోజులుగా చూడలేదు. నేను కిటికీ దగ్గర పాపని ఎత్తుకుని నిలబడి ఉన్నాను. మామ నావైపు చూడలేదు. చెప్పదల్చుకుంటే చెప్పడానికి చోటు వదిలాడేమో. నేను చెప్పలేదు. ఈ రోజుకీ చెప్పలేదు.

మాఘంలో మామ కళ్ళకి ఆపరేషను. ఫల్గుణ చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది, నేనే పాపని చంకనేసుకుని మైదానంలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బస్సులో పాపకి కొండలు చూపించాడు. నాకు చలేస్తుందేమోనని కిటికీ మూశాడు. నాతో మెలగడంలో ఏ తేడా లేదు.

ఆపరేషనుకి ముందు నర్సు ఒక కాగితం తెచ్చింది. "తాతా, ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి. ఇందులో ఏముందో మీ అమ్మాయి చదివి చెబుతుంది."

నేను చెయ్యి చాపాను.

"నువ్వు సదివి సెప్పు తల్లీ," అన్నాడు మామ నర్సుతో.

"నాకు అవతల ఇంకా పదిమంది ఉన్నారు తాతా. ఈమెకి చదువు రాదా?"

"వచ్చు," అన్నాడు. "బాగా వచ్చు."

నర్సు నా వంకా ఆయన వంకా చూసి, కాగితం పట్టుకునే వెళ్ళిపోయింది. మామ బొటనవేలు పిడికిట్లో ముడుచుకుని, ఆమె ఆ పదిమందినీ చూసుకుని వచ్చేదాకా కూర్చున్నాడు. పాప ఆయన ఒళ్ళో నిద్రపోయింది. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను.